మోడల్ కారు చేతికి వచ్చాక: లోపం ఆ ఒక్క కారుదా, అచ్చుదా తేల్చుకోవడం ఎలా?

"కొత్త మోడల్ వచ్చింది. ఎక్కడో తేడాగా కనిపిస్తోంది. వెనక్కి పంపాలా, ఉంచుకోవాలా?" సేకరణ మొదలుపెట్టిన వాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. తోడుగా ఒక ఫొటో పంపిస్తారు. ఫొటో చూసి నేను చెప్పగలిగేది చాలా తక్కువ. కారు మీ బల్ల మీద ఉంటే మాత్రం అరగంటలో మీరే తేల్చుకోవచ్చు. ఆ పద్ధతిని వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. లోపాలు రెండు రకాలు. వంగిన ఇరుసు, రంగులో చిక్కుకున్న దుమ్ము, ఊడిన సైడు అద్దం వంటివి మీకు వచ్చిన ఆ ఒక్క కారుకే పరిమితం. మార్చి ఇమ్మని అడిగితే మంచిది రావచ్చు. పైకప్పు ఎత్తు ఎక్కువ కావడం, చక్రం ఉండవలసిన చోట లేకపోవడం అచ్చులోనే, అంటే ఆ మోడల్ కార్లన్నిటినీ పోసే మూసలోనే ఉన్న తప్పులు. అవి ఎన్ని సార్లు మార్పించుకున్నా పోవు.

నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. 1:18 స్కేలులో (అసలు కారులో 18వ వంతు సైజులో) 1973 నాటి పోర్షా 911 కరేరా ఆర్ఎస్ కొన్నాను. నడుము కుంచించుకుపోయినట్టు అనిపించి వెనక్కి పంపితే మరొకటి వచ్చింది. అదీ అలాగే ఉంది. అప్పుడు గానీ వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) తీసుకుని కొలవలేదు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 122.9 మి.మీ. వచ్చింది. ఉండవలసింది 126. రెండు నెలలు, రెండు పార్సిళ్ళు పట్టిన పని నిజానికి రెండు నిమిషాలది.

కావలసినవి

- డిజిటల్ వెర్నియర్ కాలిపర్, 150 మి.మీ. పొడవుది. ప్లాస్టిక్ దవడలది అయితే రంగు గీసుకుపోదు. స్టీలుది ఉంటే దవడలకు లోపలి వైపు టేపు అంటించి, ఆ తర్వాత సున్నా చేసుకోండి. ముందే సున్నా చేస్తే టేపు మందం కూడా కొలతలో కలిసిపోతుంది.
- చదునైన మందపాటి అద్దం పలక. టీపాయి మీది అద్దమైనా చాలు.
- 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, తెల్లని కాంతి ఇచ్చే టార్చి.
- నైట్రైల్ చేతి తొడుగులు. నూలు తొడుగులు వద్దు, వాటి పోగులు వైపర్లకు, యాంటెన్నాకు చిక్కుకుని విరగ్గొడతాయి.
- మెత్తని కుంచె, స్టీలు స్కేలు, మామూలు జెరాక్స్ కాగితం, కాలిక్యులేటర్, ఒక పుస్తకం.

1. కారు రాకముందే అసలు కొలతలు రాసుకోండి

అసలు కారు వీల్‌బేస్ (ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు దూరం), పొడవు, వెడల్పు, ఎత్తు, టైరు సైజు అనే అయిదు అంకెలు చాలు. కంపెనీ బ్రోషరు, యజమానుల మాన్యువల్ నమ్మదగినవి. ఇక్కడ ఎక్కువ మంది చేసే పొరపాటు సంవత్సరం చూడకపోవడం. పేరు అదే ఉన్నా కారు మారిపోతుంది. పోర్షా 911 వీల్‌బేస్ మొదట్లో 2211 మి.మీ. 1969 మోడల్ నుంచి వెనక చక్రాలను వెనక్కి జరిపి 2268 చేశారు. 1973 ఆర్ఎస్‌కు 2271. నా మోడల్‌లో జరిగింది ఇదే: పాత పొట్టి 911 నిష్పత్తి మీద కొత్త కారు వేషం వేశారు. 57 మి.మీ. తేడా 1:18లో 3 మి.మీ. దాటుతుంది. తలుపు అంచుకూ వెనక చక్రపు గూడుకూ మధ్య ఉండే ఖాళీలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రతి అంకెను స్కేలుతో భాగించి పక్కన రాసుకోండి. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మి.మీ. అంటే 1:18లో 136.9, 1:43లో 57.3 రావాలి.

2. విప్పేటప్పుడే వీడియో తీయండి

పార్సిల్ మీది టేపు కోయక ముందు నుంచి, కారు బయటకు వచ్చే వరకు, ఆపకుండా తీయండి. మధ్యలో ఆగిన వీడియోను అమ్మకందారు ఒప్పుకోకపోవచ్చు. పెట్టెను ఒకసారి చెవి దగ్గర మెల్లగా వంచండి. లోపల ఏదైనా గలగలమంటే ఊడిన ముక్క ఉందన్నమాట, థర్మోకోలు తీసేటప్పుడు అది కింద పడి పోకుండా తెల్లని బట్ట మీద విప్పండి.

కారును ఎప్పుడూ అడుగు భాగం పట్టుకుని ఎత్తండి. అద్దాలు, స్పాయిలర్ (వెనక రెక్క), బంపర్ పట్టుకుని లాగవద్దు. తలుపుల సందుల్లో పెట్టిన పలుచని ప్లాస్టిక్ కాగితాలను తలుపు తెరిచాకే తీయండి. తలుపు బిగుసుకుని ఉంటే గోరుతోనో కత్తితోనో పెకలించవద్దు. పెట్టెలో ప్లాస్టిక్ కొక్కెం ఇస్తే అది వాడండి, లేకపోతే కిటికీ తెరిచి ఉన్న వైపు నుంచి వేలితో లోపలి నుంచి నెట్టండి. రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) మోడళ్ళకు సాధారణంగా తలుపులు తెరుచుకోవు. వాటిని తెరవబోయి గీతలు పెట్టుకున్న వాళ్ళు ఉన్నారు, కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

అట్టపెట్టె, మరలు, కాగితాలు ఏవీ పారేయవద్దు. వెనక్కి పంపవలసి వస్తే అన్నీ కావాలి.

అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకునే వాళ్ళకు ఒక మాట. కారు మీ చేతికి వచ్చేసరికి వెనక్కి పంపే గడువు దాటిపోయి ఉంటుంది. అందుకే అక్కడే పెట్టె తెరిచి, 3వ, 4వ మెట్టు పరీక్షలు చేయించి, నాలుగు వైపులా ఫొటోలు పంపమని అడగండి. మొహమాటపడకండి, పది నిమిషాల పని.

3. అద్దం పలక మీద నిలబెట్టండి

నాలుగు చక్రాలూ నేలకు ఆనాలి. ఒక్క చక్రం తేలినా కారు ఉత్త బొమ్మలా కనిపిస్తుంది. జెరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని సన్నని పట్టీలుగా కోసి, ఒక్కో చక్రం కిందికి మెల్లగా తోయండి. ఒకటి దూరితే ఇంకొకటి, అదీ దూరితే మరొకటి. ఎన్ని దూరితే అన్ని పదో వంతులు తేలినట్టు.

మొన్న ఒక మిత్రుడి 1:18 కారు వెనక కుడి చక్రం కింద అయిదు పట్టీలు పట్టాయి. అర మిల్లీమీటరే. అసలు కారులో అది 9 మి.మీ., అంటే మన చిటికెన వేలి మందం దాకా చక్రం గాలిలో ఉన్నట్టు. రెండు పట్టీల వరకు నేను పట్టించుకోను. మూడు దాటితే కారును తిప్పి అడుగు మరలు చూడండి. ఒక మర ఎక్కువ బిగించి ఉండి అడుగు పలక మెలి తిరగడం మామూలే. గడువు లోపల ఉంటే మీరు మర ముట్టుకోవద్దు, మారుస్తారు. గడువు దాటితే అన్ని మరలనూ పావు తిప్పు వదులు చేసి, అద్దం మీద పెట్టి, ఎదురెదురు మూలల వరసలో తిరిగి బిగించండి. తేలిక దెబ్బకే విరిగే రెసిన్ మోడల్‌కు ఈ పని చేయకండి.

4. వీల్‌బేస్ కొలవండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అంకె. చక్రాల మధ్య బిందువులను కంటితో పట్టుకోవడం కష్టం. దానికి ఒక ఉపాయం ఉంది. ముందు చక్రం రిమ్ము ముందు అంచు నుంచి వెనక చక్రం రిమ్ము ముందు అంచు వరకు కొలవండి. రెండు రిమ్ముల వ్యాసం ఒకటే అయితే వచ్చిన అంకె సరిగ్గా వీల్‌బేసే. ముందు చక్రాలు తిరిగే మోడల్ అయితే వాటిని నేరుగా ఉంచండి, లేకపోతే అంకె తప్పుతుంది. మూడు సార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి.

తర్వాత రెండో వైపు కొలవండి. రెండు వైపుల మధ్య 0.5 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఇరుసు ఏటవాలుగా బిగించారు, అది ఆ ఒక్క కారు లోపం. దీనికి నాకు తెలిసిన మంచి మినహాయింపు రెనో 4. ఆ కారు వెనక టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఒకదాని వెనక ఒకటి అడ్డంగా ఉండటం వల్ల అసలు కారులోనే రెండు వైపుల వీల్‌బేస్ మధ్య దాదాపు 5 సెం.మీ. తేడా ఉంది. దాని మోడల్‌లో రెండు వైపులా సమానంగా ఉంటేనే తప్పు!

రెండు వైపులూ సమానంగా ఉండి, అసలు లెక్కకు 1:18లో ఒక మిల్లీమీటరు దాటి తేడా వస్తే అది అచ్చు తప్పు.

5. మూడు భాగహారాలు

ఇప్పుడు పొడవు, వెడల్పు కొలవండి. పొడవు కాలిపర్‌కు అందకపోతే కారుకు ముందూ వెనకా రెండు నిటారైన పెట్టెలు ఆనించి, వాటి మధ్య దూరాన్ని స్టీలు స్కేలుతో చూడండి. వెడల్పులో సైడు అద్దాలు కలపవద్దు.

అసలు కొలతను మోడల్ కొలతతో భాగిస్తే వచ్చేది ఆ కొలతకు నిజమైన స్కేలు. పెట్టె మీద ఏమి అచ్చువేశారో దానితో పని లేదు. నా దగ్గర ఉన్న ఒక చిన్న అంబాసిడర్ బొమ్మ లెక్క ఇది:

పొడవు: 4325 ÷ 118 = 36.7
వీల్‌బేస్: 2464 ÷ 68 = 36.2
వెడల్పు: 1662 ÷ 50 = 33.2

మొదటి రెండూ దగ్గరగా ఉన్నాయి. వెడల్పు మాత్రం విడిపోయింది. 1:36.5 లెక్కన 45.5 మి.మీ. ఉండవలసిన చోట 50 ఉంది. చూడగానే బాగా మేసిన ఎద్దులా కనిపించడానికి కారణం అదే. మూడు అంకెలూ ఒకే చోట, ఉదాహరణకు 1:18 మోడల్‌కు 17.5 దగ్గర వస్తే, కారు కాస్త పెద్దదే గానీ రూపం సరైనదే. అలాంటి దాన్ని ఉంచుకోవచ్చు. పక్కన పెట్టే ఇతర కార్లతో ఎత్తు తేడా వస్తుంది, అంతే. మూడూ మూడు దారుల్లో వస్తే రూపమే చెడింది.

హాట్ వీల్స్, మ్యాచ్‌బాక్స్ వంటి అరచేతి కార్లకు ఈ పరీక్ష పెట్టి బాధపడకండి. అవి ప్యాకెట్టులో పట్టే కొలతకు చేసేవి. ఒకే వరసలో చిన్న కారూ లారీ దాదాపు ఒకే పొడవు ఉంటాయి.

ఎత్తుతో జాగ్రత్త. స్ప్రింగులు ఉన్న మోడళ్ళలో అది చేతి ఒత్తిడికి మారుతుంది. ఎత్తు ఎక్కువ వస్తే ముందు టైరుకూ చక్రపు గూడుకూ మధ్య ఖాళీ చూడండి. అక్కడే ఎక్కువగా ఉంటే కారు ఎత్తుగా కూర్చుంది గానీ పైకప్పు తప్పు కాదు.

6. చక్రాలు, టైర్లు

మోడల్ తయారీలో ఖర్చు తగ్గించేది తరచుగా ఇక్కడే. ఒకే చక్రాన్ని నాలుగు కార్లకు వాడేస్తారు. టైరు వ్యాసం లెక్క సులువు: టైరు వెడల్పును శాతంతో గుణించి, రెట్టింపు చేసి, రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి కలపండి. మారుతి 800కు 145/70, 12 అంగుళాల టైరు. 145 × 0.70 × 2 = 203. 12 × 25.4 = 304.8. మొత్తం 508 మి.మీ. దాకా. 1:18లో అది 28.2.

1973 ఆర్ఎస్‌కు ముందు 185/70, వెనక 215/60, రెండూ 15 అంగుళాలే. వ్యాసం రెండిటికీ దాదాపు 640 వస్తుంది, 1:18లో 35.5. వెడల్పు మాత్రం వేరు: ముందు 10.3, వెనక 11.9. మోడల్‌కు నాలుగూ ఒకే టైర్లు వేశారేమో కాలిపర్ చెబుతుంది. ఆ కారు వెనక ఫెండర్లు (చక్రాల మీది రేకులు) కూడా మామూలు 911 కంటే మొత్తం 42 మి.మీ. వెడల్పు, 1610 కాస్తా 1652 అయింది. 1:18లో 2.3 మి.మీ. అది లేకపోతే మీ చేతిలో ఉన్నది స్పాయిలర్ అంటించిన మామూలు 911.

7. ఏ సంవత్సరం కారో వివరాలతో పోల్చండి

కొలతలు సరిపోయినా వెర్షన్లు కలిసిపోతాయి. ఫోక్స్‌వాగన్ బీటిల్ వెనక అద్దం 1953 మార్చి దాకా రెండు ముక్కలు, ఆ తర్వాత 1957 దాకా కోడిగుడ్డు ఆకారం, ఆపైన పెద్ద దీర్ఘచతురస్రం. గుడ్డు అద్దం ఉన్న కారుకు అరవైల నాటి బంపర్లు పెట్టిన మోడళ్ళు కనిపిస్తాయి. రేసు కారు ఫెరారీ 250 జీటీఓ ఇంకా కష్టం. 1962 నుంచి 1964 వరకు తయారైనవి 36. చేత్తో చేసినవి కాబట్టి ఒకదానికీ ఇంకొకదానికీ గాలి రంధ్రాలు, లైట్లు వేరు. కాబట్టి ఇలాంటి వాటికి "250 జీటీఓ ఫొటో" చాలదు. మోడల్ మీది పోటీ నంబరు చూసి, అదే కారు అదే పోటీలో ఉన్న ఫొటోతో పోల్చాలి. తర్వాతి కాలంలో మరమ్మతు చేసి ప్రదర్శనకు పెట్టిన కారు ఫొటోతో పోల్చి మోడల్‌ను తప్పు పట్టడం చాలా మంది చేసే పొరపాటు.

మన దేశంలోలా కుడి వైపు స్టీరింగ్ ఉన్న కార్లలో వైపర్లు చూడండి. ఎడమ స్టీరింగ్ మోడల్‌ను కుడికి మార్చేటప్పుడు డ్యాష్‌బోర్డు మార్చి వైపర్లను అలాగే వదిలేస్తారు. వైపర్ తుడిచే మేర డ్రైవరు వైపు ఎక్కువ ఉండాలి.

8. రంగు, సందులు, అక్షరాలు

గదిలో లైట్లన్నీ ఆపి, టార్చిని కారుకు పక్కగా, బాగా కిందికి పట్టి వెలిగించండి. నిలువు కాంతిలో కనిపించని బుడిపెలు, నారింజ తొక్కలాంటి గరుకుతనం, దుమ్ము రేణువులు నీడలతో పైకి వస్తాయి. బానెట్ అంచులు, తలుపు కింది అంచులు, పైకప్పు గట్లు చూడండి. పదునైన అంచుల మీద రంగు పలచబడి లోపలి లోహం తొంగిచూస్తుంది. చిన్న చిన్న పొక్కులు గుంపుగా ఉంటే వెంటనే ఫొటో తీసి పంపండి, అవి తగ్గవు, పెరుగుతాయి.

లోహపు బాడీకీ ప్లాస్టిక్ బంపర్‌కూ రంగు తేడా ఉందా అన్నది పసుపు బల్బు కింద తేల్చవద్దు. పగటి వెలుగులో, నీడలో చూడండి. మెటాలిక్ రంగుల్లో మెరుపు రేణువులను స్కేలుకు తగ్గించడం అసలే కష్టం. అవి మరీ పెద్దవైతే కారుకు చమ్కీలు కుట్టినట్టు ఉంటుంది. అది ఆ మోడల్ మొత్తానికీ ఉన్న లోపం, మార్చినా పోదు.

తలుపు సందుల విషయంలో న్యాయంగా ఉండండి. అసలు కారులో 4 మి.మీ. సందు 1:18లో 0.22, 1:43లో 0.09. అంత సన్నగా తెరుచుకునే తలుపు చేయడం అసాధ్యం. కాబట్టి సందు ఎంత ఉందో చూడకండి, పై నుంచి కింది దాకా సమానంగా ఉందా అని చూడండి. పైన కాగితం దూరి కింద దూరకపోతే తలుపు వంకర.

అక్షరాలను, బ్యాడ్జీలను భూతద్దంతో చదవండి. నిజంగా చదవండి, అక్షరం అక్షరం. వంకరగా పడ్డవి ఆ కారు లోపం. స్పెల్లింగ్ తప్పయితే ఆ మోడల్ మొత్తానికీ ఉన్న తప్పే, మార్చినా పోదు.

9. ఫొటోతో పోల్చేటప్పుడు దూరం లెక్కవేయండి

"ముక్కు ఉబ్బినట్టుంది" అని పంపే ఫొటోల్లో చాలా వరకు ఫోను తప్పే. దగ్గరగా పెట్టి తీస్తే ఏ కారు ముక్కయినా ఉబ్బుతుంది. అసలు కారును 10 మీటర్ల దూరం నుంచి తీసి ఉంటే, 1:18 మోడల్‌ను 55 సెం.మీ. దూరం నుంచి తీయాలి. నిలబడిన మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే ఫోను లెన్సు బల్ల మీద నుంచి 9 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మనం బల్ల ముందు నిలబడి మోడల్‌ను చూసే చూపు, మేడ మీద నుంచి వీధిలోని కారును చూడటం లాంటిది. ఒకసారి ఫోనును 9 సెం.మీ.కు దించి చూడండి, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

10. లోహం జబ్బు ఉందేమో చూడండి

పాత డైకాస్ట్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన) కార్లు కొనేవాళ్ళకు ఇది తప్పనిసరి. ఈ కార్ల లోహంలో ప్రధానంగా ఉండేది జింకు. అందులో సీసం వంటివి కొద్దిగా కలిసినా లోపలి నుంచి పగుళ్ళు వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీ బ్రాండు బొమ్మ కార్లు ఎన్నో ఇలాగే ముక్కలయ్యాయి. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో చాలా శుద్ధమైన జింకుతో జమాక్ అనే మిశ్రమం తెచ్చింది గానీ, ఎక్కడైనా చెత్త లోహం కలిపితే నేటికీ ఆ జబ్బు రావచ్చు.

గుర్తులు: సాలెగూడులాంటి సన్నని గీతలు, ఉబ్బిన పైకప్పు, నిన్నటి దాకా సులువుగా తెరుచుకున్న తలుపు బిగుసుకుపోవడం. దీనికి మందు లేదు. జిగురుతో అతికించినా పగుళ్ళు ఆగవు. పక్క కారుకు అంటుకుంటుందన్న భయం మాత్రం వద్దు, అది అంటువ్యాధి కాదు. తేమ ఉంటే త్వరగా ముదురుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్ళు కార్లను ప్లాస్టిక్ సంచిలో బిగించి దాచకండి, అద్దాల బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మారుస్తూ ఉండండి. టైర్లు ప్లాస్టిక్ పీఠానికి ఏళ్ళ తరబడి ఆని ఉంటే, మెత్తటి టైరులోని నూనె పీఠాన్ని కరిగించి అంటుకుపోతుంది. మధ్యలో చిన్న ఆధారం పెట్టి చక్రాలను కాస్త పైకి లేపండి.

11. ఇక తేల్చుకోండి

ఆ ఒక్క కారు లోపమైతే, గడువు లోపల, అంకెలతో రాయండి. "క్వాలిటీ బాగా లేదు" అంటే వాదన మొదలవుతుంది. "వెనక కుడి చక్రం 0.5 మి.మీ. తేలుతోంది, కుడి వీల్‌బేస్ 126.1, ఎడమ 125.2, వీడియో జత చేశాను" అంటే పని జరుగుతుంది.

అచ్చు తప్పయితే మార్పిడి అడగవద్దు, డబ్బు వెనక్కి అడగండి. లేదా ఆ కారు వేరే చోట దొరకదనుకుంటే తెలిసే ఉంచుకోండి.

ఊడిన చిన్న ముక్క అయితే విదేశానికి తిరిగి పంపే ఖర్చు కంటే ముక్క కోసం అడగడం మేలు. మీరే అతికిస్తే సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరి అద్దాలను, క్రోమును తెల్లగా మసకబారుస్తుంది. చెక్కకు వాడే తెల్ల జిగురును అగ్గిపుల్ల కొనతో పెట్టండి, ఆరితే కనిపించదు, తప్పు పడితే నీటితో తుడవవచ్చు. వేలిముద్రలకు స్పిరిట్, థిన్నర్ వద్దు, అక్షరాలు చెరిగిపోతాయి. తడి పిండేసిన మైక్రోఫైబర్ బట్ట చాలు.

చివరగా ఒక చిన్న కార్డు మీద తేదీ, వీల్‌బేస్ రెండు వైపులా, పొడవు, వెడల్పు రాసి పెట్టె మూత లోపల అంటించండి. ఏడాదికోసారి వానలు వెలిశాక మళ్ళీ కొలిచి కింద రాయండి. లోహం ఉబ్బడం మొదలైతే పగుళ్ళు కంటికి కనిపించే లోపే అంకె పెరుగుతుంది. తర్వాత వేరే తయారీదారు దగ్గర కొన్న నా ఆర్ఎస్ కార్డు మీద ఇప్పుడు నాలుగు తేదీలు ఉన్నాయి, నాలుగింటి పక్కనా 126.1 అనే ఉంది.